రైళ్లు నడుస్తుండగానే పాత సొరంగం మరమ్మతు: ఐదు గంటల బ్లాకులో చేతికొచ్చే పని ఎంత?

మీరు అడిగింది ఇదీ: ఒంటి లైను సొరంగం, పొడవు 900 మీటర్లు, కట్టి వందేళ్లు దాటింది, లోపలంతా ఇటుక లైనింగ్. వానలు పడితే నీళ్లు కారుతున్నాయి. నిరుడు రెండు చోట్ల ఇటుకలు ఊడి కంకర మీద పడ్డాయి. కన్సల్టెంట్ నాలుగు నెలలు లైను మూసేయమన్నారు. రైళ్లు నడిపే ఆపరేటింగ్ వాళ్లేమో రాత్రి ఐదు గంటల బ్లాకు, అంటే పని కోసం రైళ్లు లేకుండా ఇచ్చే సమయం, తప్ప ఇంకేమీ ఇవ్వలేమన్నారు. రోజూ రాత్రి కొంచెం కొంచెం షాట్‌క్రీట్ (గొట్టంతో గోడ మీదికి చిమ్మే కాంక్రీటు) కొట్టుకుంటూ పోతే సరిపోదా అని.

రైళ్లు ఆపకుండా చేయొచ్చు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక మీదట చెప్పేదంతా మీకు కాస్త నిరుత్సాహంగా ఉంటుంది. షాట్‌క్రీట్‌తో మొదలుపెడితే మాత్రం రెండేళ్ల తర్వాత ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతారు. ఇంకో సంగతి, మీకిచ్చిన ఐదు గంటలు ఐదు గంటలు కావు. ముందు ఆ లెక్క తేల్చుకుందాం.

రాత్రి 12:00కి బ్లాకు మొదలైందనుకోండి. చివరి రైలు దాటిందని ఖాయం చేసుకుని, కాగితాలు చేతులు మారి, పైన కరెంటు తీసి, రెండు వైపులా ఎర్తింగ్ రాడ్లు తగిలించేసరికి 12:30. యంత్రాలు పట్టాల మీదికి ఎక్కే చోటు సొరంగం నోటి దగ్గరే ఉండదు, ఏ కిలోమీటరో రెండు కిలోమీటర్లో అవతల లెవెల్ క్రాసింగ్ దగ్గర ఉంటుంది. అక్కడ ఎక్కించి, నడక వేగంతో లోపలికి తెచ్చేసరికి 1:05. గాలి ఎలా ఉందో మీటరు పెట్టి చూడడం, లైట్లు, ఫ్యాన్లు, కంకర మీద టార్పాలిన్లు పరచడం అయ్యేసరికి 1:25. అప్పుడు మొదటి సుత్తి దెబ్బ పడుతుంది. ఇక వెనక్కి రండి. 5:00కి లైను అప్పగించాలంటే 4:50కి ఎర్తింగ్ తీసేయాలి. దానికి ముందు ఇంజనీరు ఈ చివర నుంచి ఆ చివరకి టార్చి పట్టుకుని నడవాలి, యంత్రాలు బయటికి పోవాలి, టార్పాలిన్లు చుట్టాలి, రాలినదంతా ఎత్తిపోయాలి, పంపు కడగాలి. అంటే 3:50కి పని ఆగిపోవాలి. 1:25 నుంచి 3:50. రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అందులో ఒక్కసారి గొట్టం మూసుకుపోయిందంటే అరగంట గోవిందా.

ఐదు గంటల బ్లాకులో రెండున్నర గంటలు పని దక్కితే అది మంచి రాత్రి. మిగతా రెండున్నర గంటలు రాకపోకల ఖర్చు. ఈ ఖర్చు బ్లాకు ఎంత పొడవున్నా దాదాపు అంతే. మీరు ఆపరేటింగ్ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాల్సిన కాగితం ఇదే. పది గంటల బ్లాకు ఇస్తే ఏడున్నర గంటల పని జరుగుతుంది, అంటే రెట్టింపు బ్లాకుకి మూడు రెట్ల పని. శుక్రవారం రాత్రి నుంచి సోమవారం తెల్లవారుజాము దాకా 52 గంటలు ఇస్తే దాదాపు ఇరవై రాత్రుల పని ఒక్క వారాంతంలో అయిపోతుంది. మీ కన్సల్టెంట్ అడిగిన నాలుగు నెలల మూసివేతలో రోజుకి 20 గంటలు పని జరుగుతుందనుకుంటే, దాన్ని రాత్రుల్లోకి మారిస్తే 8 రెట్లు, అంటే 32 నెలలు. ఈ అంకె చూపిస్తే ఎంత కరుడుగట్టిన కంట్రోలరయినా నెలకొక వారాంతం గురించి మాట్లాడడం మొదలుపెడతాడు. నేను చూసిన మంచి ఒప్పందాలన్నీ ఇలాంటి కలగలుపే: చిన్న పనులకి రాత్రులు, కదిలిస్తే మధ్యలో ఆపలేని పనులకి వారాంతాలు.

పనినే మార్చుకుంటే బ్లాకు సమస్య కొంత తనంతట తనే సర్దుకుంటుంది. న్యూయార్క్‌లో నది కింద వెళ్లే కెనార్సీ సొరంగం 2012లో శాండీ తుఫానుకి ఉప్పునీటిలో మునిగింది. దాన్ని 15 నెలలు పూర్తిగా మూసేయాలని నిర్ణయించారు. 2019 జనవరిలో ఆ నిర్ణయం రద్దయింది, రాత్రులూ వారాంతాలతో ఏడాదిలో, 2020 ఏప్రిల్‌కల్లా పని ముగించారు. చిట్కా ఏమిటంటే, గోడ పక్కన ఉండే కాంక్రీటు అరుగు లోపల పాత కేబుళ్లున్నాయి. మొదటి ప్లానులో ఆ అరుగంతా పగలగొట్టి మళ్లీ కట్టాలి. రెండో ప్లానులో పాత కేబుళ్లని అక్కడే వదిలేసి, కొత్త వాటిని గోడకి ర్యాకుల మీద వేలాడదీశారు, అరుగులో బలహీనంగా ఉన్న ముక్కలకి మాత్రమే మరమ్మతు చేశారు. మీ కన్సల్టెంట్ నాలుగు నెలల లెక్కలో పగలగొట్టాల్సినవి ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటీ అడగండి. సగం వాటికి 'అలవాటు' తప్ప కారణం ఉండదు.

ఇప్పుడు సుత్తి సంగతి. లేజర్ స్కాన్ చేయించండి, రాడార్ చేయించండి, నేనేం వద్దనను. కానీ ఇటుక లైనింగ్ గురించి అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది అర కిలో సుత్తి. బిగువుగా ఉన్న ఇటుక మీద కొడితే కంగుమంటుంది, సుత్తి వెనక్కి ఎగురుతుంది. వరస విడిపోయిన చోట కొడితే డొల్లగా, ఖాళీ కుండ మీద వేళ్లతో కొట్టినట్టు మోగుతుంది. చెయ్యికి వెనక్కి తోపు రాదు. ఈ సొరంగాల్లో ఇటుకలు ఉల్లిపాయ పొరల్లా వరస మీద వరసగా ఉంటాయి, మధ్యలో సున్నం గచ్చు. వందేళ్లు నీళ్లు కారి సున్నాన్ని కడిగేస్తే లోపలి వరస మిగతావాటిని వదిలేసి తన బరువు తనే మోస్తూ నిలబడుతుంది. చూడ్డానికి చక్కగా ఉంటుంది. కాంక్రీటు లైనింగ్ కూడా ఇందుకు మినహాయింపేం కాదు. 1999 జూన్ 27న జపాన్‌లో ఫుకుఓకా సొరంగంలో పరుగెడుతున్న షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు పైకప్పు మీద దాదాపు 200 కిలోల కాంక్రీటు పడింది. ఒక పోతకీ తర్వాతి పోతకీ మధ్య పట్టు కుదరని అతుకు దగ్గర ఊడింది. ఆ తర్వాత ఆ లైను మీద సొరంగాలన్నిటినీ మనుషులు రాత్రిళ్లు సుత్తులతో కొట్టి చూశారు. అంత ఆధునికమైన రైల్వేకే చివరికి సుత్తే దిక్కయింది.

కొట్టే పని ఇద్దరు చేయాలి, అదే ఇద్దరు చివరిదాకా చేయాలి. ఒకరి చెవి ఇంకొకరికి రాదు. సొరంగాన్ని మధ్యకి చీల్చి చాపలా పరిచినట్టు ఒక మ్యాపు గీసుకుని, మీటరు మీటరుకీ డొల్ల, తడి, ఉబ్బు, పగులు గుర్తుపెట్టండి. గోడ మీద గుర్తులు పెయింటుతో వేయాలి, ముందు వైరు బ్రష్‌తో మసి గోకి వేయాలి. స్టీమ్ ఇంజన్ల కాలం నాటి మసి మీద ఏ రంగూ నిలవదు. ఎక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగేద్దామనుకోకండి, మసితో పాటు మిగిలిన కాస్త సున్నం కూడా పోతుంది.

కోర్లు, అంటే లైనింగ్‌ని గుండ్రంగా తొలిచి తీసే నమూనాలు, తీయండి. ఒక సొరంగంలో నాకు దొరికిన పాత డ్రాయింగులో కప్పు నాలుగు వరసల మందం అని ఉంది. మేం మూడు చోట్ల కోరు తీస్తే రెండు చోట్ల మూడు వరసలే వచ్చాయి, వాటి వెనక చెయ్యి దూరేంత ఖాళీ, అందులో కుళ్లిపోయిన కర్ర ముక్కలు. వందేళ్ల కిందటి కాంట్రాక్టరు ఒక వరస మింగేశాడన్నమాట. అప్పట్లో మేస్త్రీలు తవ్వకం నిలబెట్టడానికి వాడిన కలపను లైనింగ్ వెనకే వదిలేసేవాళ్లు. అది కుళ్లితే మిగిలేది ఖాళీ. పైన రాయి ఆ ఖాళీ మీద ఎప్పుడు కూర్చుంటుందో రాయికే తెలియాలి.

కట్టేటప్పుడు పైనుంచి తవ్విన బావుల సంగతి తప్పకుండా చూడండి. పొడవైన సొరంగాన్ని ఒకేసారి చాలా చోట్ల తవ్వడానికి కొండ మీద నుంచి నిలువు బావులు దించేవాళ్లు, పనయ్యాక కొన్నిటిని మట్టితో పూడ్చేసి మరిచిపోయేవాళ్లు. మాంచెస్టర్ దగ్గర క్లిఫ్టన్ హాల్ సొరంగంలో 1953 ఏప్రిల్ 28న అలాంటి పూడ్చిన బావి కింద లైనింగ్ తెగింది. బావిలోని మట్టంతా సొరంగంలోకి జారింది, పైన ఇళ్లు కూలి అయిదుగురు చనిపోయారు. దానికి కొన్నాళ్ల ముందే ఆ చోట ఇటుకలు రాలడం కనిపించింది. మీ రెండు 'ఇటుకలు ఊడిన చోట్లు' ఎక్కడున్నాయో కొండ పైకెక్కి చూశారా? పాత తవ్వకం మట్టి దిబ్బలు, గుంటలు, వరసగా సమాన దూరాల్లో కనిపిస్తే అనుమానించండి. లోపల ఇటుక రంగో కట్టుబడి తీరో ఒక్కసారిగా మారినా, ఒకే చోట ఎండాకాలంలో కూడా తడి ఉన్నా అంతే.

ఇక నీళ్లు. అందరూ దారి తప్పేది ఇక్కడే. నీళ్లని ఆపాలనుకుంటారు. నీళ్లకి దారి చూపించాలి. ఇంగ్లండ్, వేల్స్ మధ్య సెవర్న్ నది కింద సొరంగం తవ్వుతుంటే 1879లో పెద్ద ఊట ఒకటి తగిలి మొత్తం మునిగింది. కట్టడం పూర్తయ్యాక ఆ ఊటని ఇటుకలతో మూసి బిగించి చూశారు. వెనక ఒత్తిడి పెరిగి లైనింగ్ ఇటుకలు పగలడం మొదలైంది. దాంతో ఊటకి వేరే దారి పెట్టి, పంపులు కూర్చోబెట్టారు. 1886లో రైళ్లు మొదలైనప్పటి నుంచి ఇవాళ్టిదాకా రోజుకి దాదాపు 5 కోట్ల లీటర్లు తోడుతూనే ఉన్నారు. మీ సొరంగంలో అంత నీరు ఉండదు, సూత్రం మాత్రం అదే. లైనింగ్‌కి కన్నాలు వేసి, గొట్టాలు పెట్టి, పక్క కాలువలోకి దింపండి. కారే చోట మీద గాడులున్న ప్లాస్టిక్ షీటు బిగించి దాని వెనక నుంచి నీళ్లు జారనివ్వండి. అన్నిటికన్నా ముందు పక్క కాలువలు శుభ్రం చేయించండి. వందేళ్ల మసి, బురద, సున్నపు పెచ్చులతో అవి నిండి ఉంటాయి, కంకర కింద నీళ్లు నిలబడి పట్టా లెవెలు తప్పుతూ ఉంటుంది, ట్రాక్ వాళ్లు పాపం నెలనెలా పట్టా కింద కంకర కూరుతూ ప్యాకింగ్ చేస్తూ ఉంటారు. కాలువ ఒక్కటి బాగైతే మీ సమస్య మూడో వంతు తగ్గడం నేను చూశాను.

తర్వాత గ్రౌటింగ్, అంటే లైనింగ్ వెనక ఖాళీలు పల్చటి సిమెంటు మిశ్రమంతో నింపడం. ఇది షాట్‌క్రీట్‌కి ముందే జరగాలి. ఖాళీ మీద నిలబడ్డ ఇటుకకి బయటి నుంచి కాంక్రీటు తగిలిస్తే ఆ బరువు కూడా అదే ఇటుక మోయాలి. కింద నుంచి పైకి, చిన్న చిన్న విడతల్లో, తక్కువ ఒత్తిడితో ఎక్కించాలి. పాత ఇటుక వరస వెనక ఒత్తిడి పెడితే కప్పు లోపలికి ఉబ్బుతుంది. ఒక రాత్రి నేను చేసిన తప్పు చెబుతాను. గ్రౌట్ తీసుకుంటోంది, తీసుకుంటోంది, పంపు మీటరు తిరుగుతూనే ఉంది. పెద్ద ఖాళీ దొరికిందని మురిసిపోతున్నాం. ముప్పై మీటర్ల అవతల, మా లైట్లు పడని చోట, అది పాత కన్నం గుండా పక్క కాలువలోకి కారి అక్కడే గట్టిపడిపోయింది. తెల్లారి ఎవరూ చూడలేదు. నెల తర్వాత మొదటి పెద్ద వానకి నీళ్లు కాలువలో పారలేక పట్టాల మీద పారాయి. కాలువ తవ్వడానికి నాలుగు రాత్రులు పట్టింది. అప్పటి నుంచి గ్రౌట్ పట్టిస్తున్నప్పుడు రెండు వైపులా యాభై మీటర్ల దూరంలో చెరొక మనిషిని టార్చి ఇచ్చి నిలబెడుతున్నాను. ఒక్కో కన్నానికి ఇంత పరిమాణం అని హద్దు కూడా పెట్టాను. హద్దు దాటితే ఆపేసి, రేపు రాత్రి మళ్లీ.

ఇప్పుడు మీ షాట్‌క్రీట్. మసి గోకకుండా దాని మీద కాంక్రీటు చిమ్మడం అక్షరాలా మసిపూసి మారేడుకాయ చేయడమే. ఆ వారం నున్నగా, కొత్తగా కనిపిస్తుంది. పట్టు మాత్రం ఉండదు. గోకాక కూడా గోడకి యాంకర్లు బిగించి మెష్ కట్టాలి, లేదా ఫైబర్ కలిపిన మిశ్రమం వాడాలి. కప్పుకి చిమ్మినప్పుడు పదో వంతుకి తక్కువ కాకుండా కింద రాలుతుంది, నాజిల్ పట్టుకున్నవాడికి అనుభవం లేకపోతే ఇంకా ఎక్కువ. అది కంకరలో పడితే గట్టిపడి నీళ్లు దిగనివ్వదు, పట్టా మీద రైలుందో లేదో సిగ్నల్‌కి చెప్పే ట్రాక్ సర్క్యూట్‌లో పడితే పొద్దున్నే సిగ్నల్ వాళ్ల ఫోను వస్తుంది. అందుకే ఇందాక టార్పాలిన్ పరచడానికి, చుట్టడానికి అన్ని నిమిషాలు లెక్కేశాను.

అసలు ఇరుకు గేజ్ దగ్గర, అంటే రైలు తగలకుండా పోవడానికి కావాల్సిన చోటు దగ్గర, వస్తుంది. రైలుకీ గోడకీ మధ్య ఎంత చోటుందో మీరు రాయలేదు. సొరంగం వంపులో ఉంటే పెట్టె మూలలు గోడ వైపు జరుగుతాయి, పట్టా ఒక పక్కకి ఎత్తుగా ఉంటే పైభాగం వాలుతుంది. చాలా పాత సొరంగాల్లో భుజాల దగ్గర, అంటే గోడ వంపు తిరిగే చోట, చోటు అరచెయ్యి వెడల్పు కూడా ఉండదు. అక్కడ 100 మిల్లీమీటర్ల షాట్‌క్రీట్ అంటే రైలు ఒరుసుకుపోతుంది. ముందు ప్రతి అయిదు మీటర్లకీ కొలతలు తీసి, ఎక్కడ ఎంత మందం పడుతుందో రంగుల మ్యాపు గీయండి. చోటు లేని దగ్గర రెండే దార్లు: పట్టా దించడం, లేదా పాత ఇటుక వరస తీసి దాని చోటులో కొత్తది పెట్టడం.

పట్టా దించడం తేలిక అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో 1841 నాటి బాక్స్ సొరంగంలో కరెంటు తీగలకి చోటు కోసం అదే చేశారు. కానీ మీ గోడల పునాది ఎంత లోతుందో తెలియకుండా కంకర తవ్వితే గోడల కాళ్ల కింద మట్టి లాగేసినట్టే. పునాదిని తడవకి మీటరు చొప్పున, ఒకటి వదిలి ఒకటి, తవ్వి బలపరిచాక పట్టా జోలికి వెళ్లండి. ఇది వారాంతం పని, రాత్రి పని కాదు.

వరస తీసి వేయడంలో ఒకటే కొలమానం: ఏ నిమిషంలో ఆపేయమన్నా పై కప్పు నిలబడాలి. యంత్రం చెడుతుంది, కరెంటు పోతుంది, మనిషికి దెబ్బ తగులుతుంది; 5:20కి రైలు మాత్రం వస్తుంది. కాబట్టి ఒక్క రాత్రిలో విప్పే ముక్క ఆ రాత్రే మూయగలిగినంతే ఉండాలి. మొదటి నెల మీటరు వెడల్పుకి మించొద్దు. పక్క ముక్క జోలికి వెంటనే పోకండి, రెండు వదిలి మూడోది విప్పండి, మొదటిది గట్టిపడ్డాక మధ్యవి. విప్పే ముందే అటూ ఇటూ బోల్టులు పడాలి. మూసిన కాంక్రీటు తెల్లారేసరికి రైలు గాలినీ అదురునీ తట్టుకునే బలం తెచ్చుకుందో లేదో సూది గుచ్చే పరికరంతో అక్కడికక్కడే చూడాలి. 'పొద్దుటికి గట్టిపడుతుందిలే' అనే మాట నా సైటులో నిషేధం. బలం రాకపోతే కింద ఉక్కు కమాను నిలబెట్టి గానీ లైను ఇవ్వకూడదు. ఆ కమాను మొదటి రాత్రి నుంచే గేజ్‌కి సరిపోయేలా తయారై, ట్రాలీ మీద సిద్ధంగా ఉండాలి.

దీన్నే పెద్ద స్థాయిలో చేసేవాళ్లున్నారు. స్విట్జర్లాండ్‌లో రేటియన్ రైల్వేకి వందకి పైగా సొరంగాలు, చాలావరకు వందేళ్ల నాటివి. వాళ్లు రాత్రి విరామాల్లో పాత లైనింగ్ కొంచెం కొంచెంగా తీసి, ముందే పోత పోసిన కాంక్రీటు ముక్కలని కమానులా పేరుస్తారు, పగలు రైళ్లు నడుస్తాయి. ప్రతి సొరంగానికీ ఒకే తీరు, ఒకే ముక్కలు, ఒకే యంత్రాలు. జర్మనీలో ఇంకో పద్ధతి ఉంది: రెండు లైన్ల సొరంగంలో ఒకే లైను మధ్యకి జరిపి, రైలు చుట్టూ ఉక్కు గూడు లాంటిది నిలబెట్టి, రైలు ఆ గూట్లోంచి పోతుంటే బయట చుట్టూ సొరంగాన్ని పెద్దది చేస్తారు. మీది ఒంటి లైను కాబట్టి అది మీకు కుదరదు. పక్కపక్కన రెండు సొరంగాలుంటే ఒకదాన్ని మూసి రెండో దాంట్లో ఒంటి లైను నడపడం ఇంకో దారి. 2015లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌వర్త్ దగ్గర దాదాపు 270 మీటర్ల పాత సొరంగాన్ని నురుగు కాంక్రీటుతో నింపేసి, పెద్ద బోరింగ్ యంత్రంతో మళ్లీ తొలిచారు, రైళ్లు పక్క సొరంగంలో నడిచాయి. మధ్యలో అనుకోని ఇసుక తగిలి ఆలస్యమైంది. పాత సొరంగం చుట్టూ నేల ఎలా ఉందో తెలుసనుకోవడం అంత ప్రమాదం. స్విట్జర్లాండ్‌లోని ఆల్బులాలో 1903 నాటి సొరంగానికైతే మరమ్మతు మానేసి పక్కనే కొత్తది తవ్వుకున్నారు, 2024లో అది తెరిచారు, పాతదాన్ని ఆపదలో బయటపడే దారిగా మార్చాలని నిర్ణయించారు. మీ 900 మీటర్లకి ఆ అవసరం రాదనే నా అంచనా.

రైలు గాలి గురించి ఒక మాట. ఇరుకు సొరంగంలో రైలు పిచికారీలో కడ్డీలా పనిచేస్తుంది, ముందు తోస్తుంది, వెనక పీలుస్తుంది. మీరు వదిలేసిన టార్పాలిన్ ముక్క, సగం బిగించిన కేబుల్ క్లిప్పు, గోడకి ఆనించిన ప్లైవుడ్ చెక్క, అన్నీ మొదటి రైలుకే లేచిపోతాయి. ప్రతి పనిముట్టుకీ నంబరు వేసి, లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ లెక్కపెట్టండి. ఒక స్పానర్ తక్కువైతే లైను అప్పగించడం ఆగాలి. ఈ విషయంలో తిట్లు పడతాయి, పడనివ్వండి. మొదటి రైలుకి కాషన్ పెట్టి నెమ్మదిగా పంపించండి, ఇంజన్లో మీ మనిషి ఒకడు నిలబడి కప్పు చూస్తూ వెళ్లాలి. 1972 జూన్ 16న ఫ్రాన్స్‌లో వియెర్జీ సొరంగంలో కప్పు కూలింది, ఆ శిథిలాలని రెండు వైపుల నుంచీ వచ్చిన రైళ్లు గుద్దుకున్నాయి, 108 మంది పోయారు. సొరంగంలో డ్రైవరుకి ముందు ఏముందో కనిపించే దూరం చాలా తక్కువ, బ్రేకు పడే దూరం చాలా ఎక్కువ.

కదలికలు కొలిచే పరికరాలు పని మొదలవడానికి చాలా ముందే పెట్టండి. ఎండకీ చలికీ సొరంగం తనంతట తనే ఎంత కదులుతుందో తెలియకపోతే, పనిలో వచ్చిన కదలికని గుర్తుపట్టలేరు. అలారం మోగితే రాత్రి మూడింటికి ఎవరు ఫోను ఎత్తాలి, రైలు ఆపే అధికారం ఎవరికుంది అన్నది కాగితం మీద పేరుతో సహా ఉండాలి. మొదటి నెలలో వచ్చే అలారాల్లో చాలావరకు ఆ పరికరాల అద్దానికి పట్టిన మసి, సాలీడు గూళ్లు. విసుగొచ్చి హద్దులు పెంచేయకండి, అద్దాలు తుడిపించండి.

ఇటుక కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. నీళ్లు చల్లుతూ కోయాలి, మామూలు గుడ్డ మాస్కు చాలదు. డీజిల్ యంత్రాలు తక్కువ పెట్టి బ్యాటరీవి పెట్టుకోండి. లోపల గబ్బిలాలుంటే ముందే ఎవరినైనా తెలిసినవాళ్లని పిలిచి చూపించండి. చాలా దేశాల్లో వాటికి చట్టం రక్షణ ఉంది, పని మధ్యలో తెలిస్తే నెలల తరబడి ఆగిపోతుంది.

మీ కిందటి వ్యాఖ్యలో పైనున్న కరెంటు తీగలు కూడా మార్చబోతున్నారని రాశారు. అయితే తీగకి బదులు గట్టి కడ్డీలా ఉండే కండక్టర్ పెడతారేమో అడగండి, దానికి పైన తక్కువ చోటు చాలు. సెవర్న్ సొరంగంలో అదే పెట్టారు, 2016లో ఆరు వారాలు మూసి. ఆ తేమకి సామగ్రి తుప్పు పట్టి, కరెంటు రైళ్లు లోపలి నుంచి నడిచేసరికి 2020 అయింది. లోహం ఎన్నుకునే ముందు మీ సొరంగం నీళ్లని, గాలిని పరీక్షకి పంపండి.

ఎప్పుడు మొదలుపెట్టాలన్న మీ చివరి ప్రశ్నకి: సర్వే వానల్లో, పని ఎండల్లో. పెద్ద వాన కురిసిన మర్నాటి రాత్రి బ్లాకు తీసుకుని, సుత్తి, వైరు బ్రష్, పెయింటు డబ్బాతో ఇద్దర్ని పంపండి. ఎక్కడ కారుతుందో అప్పుడే కనిపిస్తుంది, ఎండాకాలంలో ఆ చోటు ఎండిన సున్నపు మరకలా ఉండి ఎవరికీ అనుమానం రాదు. వరసగా నాలుగైదు రాత్రులు పడుతుంది. ఆ మ్యాపు, భుజాల దగ్గర గేజ్ కొలతలు, మూడు నాలుగు కోర్ల ఫోటోలు ఇక్కడ పెట్టండి. రాత్రికి ఎన్ని మీటర్లు సాగుతుందో అప్పుడు చెప్పగలను. అందాకా షాట్‌క్రీట్ టెండరు పక్కన పెట్టి, కాలువ శుభ్రం చేసేవాళ్లకి పని ఇవ్వండి.